ఆరేళ్లుగా కాలని కొండ

మా కుందుర్పి వైపు కొండలు మాఘం దాటితే నల్లబడతాయి. గొర్రెల కాపర్లే నిప్పు పెడతారు. ముదిరి ఎండిన బోదగడ్డిని గొర్రె ముట్టదు, కాలిస్తే తొలి వానకు లేత మోసు చిగురిస్తుందని వాళ్ల ఆశ. మా నాయనకు ఇంకో నమ్మకం కూడా ఉండేది: కొండ పొగ పైకి పోయి మబ్బవుతుందని. ఆయన పక్కన కూర్చుని ఆ మబ్బు కోసం ఎన్ని సాయంత్రాలు చూశానో! రాలేదు. నాయన పోయాక ఆ అగ్గి పెట్టే పని మా అన్నది. పాస్టరునైన నేను రెండేళ్లుగా ఆయన ముందు బైబిలు వాక్యం విప్పి అరుస్తూనే ఉన్నాను, ఆయన కంబళి దులుపుకుని లేచిపోతూనే ఉన్నాడు. వచ్చే శుక్రవారం మా ఊరి గ్రామసభ. కొండను కాల్చకుండా తీర్మానం చెయ్యమని అడగాలని నా పంతం. అడిగేముందు కాలని కొండను ఒక్కటైనా కళ్లారా చూడాలనిపించింది. ముదిగుబ్బ దగ్గర ఒక పంచాయతీ ఆరేళ్లుగా తన కొండకు నిప్పు తగలనివ్వలేదని ప్రార్థన కూటంలో ఒకాయన చెప్పాడు. అంతే, బయలుదేరాను.

తెల్లవారి ఐదున్నరకు కళ్యాణదుర్గం బస్సు, అక్కడి నుంచి అనంతపురం. బస్టాండు ఎదుట ఉగ్గాని, బజ్జి తిని కదిరి బస్సు ఎక్కితే బత్తలపల్లి మీదుగా గంటన్నరలో ముదిగుబ్బలో దించారు. మూడు టికెట్లూ కలిపి రెండు వందల యాభై లోపే. అక్కడి నుంచి పల్లెకు ఆటో నూట యాభై అడిగాడు. నడిపే బాషా దారంతా నన్ను అద్దంలో చూస్తూ నవ్వుకుంటున్నాడు. చివరికి ఉండబట్టలేక అడిగేశాడు.

"ఏమన్నా, ఆ కొండ మీద గుడి లేదు, దర్గా లేదు, మీ చర్చీ లేదు. గడ్డి చూసేదానికి ఇంత దుడ్లు పెట్టుకోని వస్తాండావా?"

అవునన్నాను.

పంచాయతీ ఆఫీసు కప్పు మీద సోలార్ పలకలు మెరుస్తున్నాయి. తాగునీటి మోటారు కూడా వాటితోనే నడుస్తుందట. సర్పంచు లక్ష్మీదేవమ్మ రేషన్ కార్డుల గోల మధ్యలోనే నాకు మజ్జిగ ఇప్పించి కథంతా చెప్పింది. ఏడేళ్ల కిందట పంచాయతీ వాళ్లు మొదట, నిప్పు పెడితే జరిమానా అని చాటింపు వేయించారట. ఆ ఏడాదే కొండ రెండుసార్లు కాలింది. ఎవరు పెట్టారో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పలేదు. అప్పుడు కాపర్లనే పిలిచి కూర్చోబెట్టి, కొండ గడ్డి మీద మొదటి హక్కు వాళ్లదేనని తీర్మానం రాశారు. కార్తీకంలో పచ్చిగా ఉండగానే కింది సగం కోసి వాములు వేసుకుంటారు. పై సగం ఆ ఏడాదికి ముట్టరు, మరుసటి ఏడాది మారుస్తారు. ఉపాధి హామీ పనిలో కొండ చుట్టూ నిప్పు దాటకుండా గడ్డి చెక్కి నేల బయటపడేలా బాట తీయించారు. ఎండాకాలమంతా ఇంటికొకరు చొప్పున వంతు కాపలా.

"సార్లు వచ్చి కర్బన ఉద్గారాలు అంటారు. మేము గడ్డి అంటాము. రెండూ ఒకటే అంట లేప్పా" అంది ఆమె, కార్డు మీద సంతకం పెడుతూనే.

పదకొండున్నరకు కొండ కిందికి చేరేసరికి ఎండ నెత్తి మీద ఉంది. వేపచెట్టు కింద ఆ రోజు వంతు నల్లప్పది. అరవై దాటిన కాపరి, మోకాళ్ల మీద కంబళి. ముందు నా జేబులు చూపించమన్నాడు. కొండెక్కేవాళ్లెవరైనా అగ్గిపెట్టె కింద ఇచ్చిపోవాలట. నేను బీడీ తాగను, కానీ కూటాల్లో కొవ్వొత్తి కోసం అగ్గిపెట్టె నా సంచిలో గ్రంథం పక్కనే ఉంటుంది. ఆయన దాన్ని తీసి చెట్టు తొర్రలో పెట్టాడు. నాకు ఊపు వచ్చింది. మొదటి మనిషిని దేవుడు తోటలో పెట్టింది దున్నడానికి, కాయడానికే గానీ కాల్చడానికి కాదని, అగ్గి పెట్టే చెయ్యి ఒకనాటికి లెక్క చెప్పుకోవాలని, మా అన్నకు చెప్పే ప్రసంగమంతా అక్కడే మొదలుపెట్టాను. నల్లప్ప ఓపికగా విన్నాడు.

"బాగుండాది పాస్టరన్నా. ఆ తోటలో గొర్రెలు ఉండేవా?"

మా అన్నా కాపరేనని, ఈ ప్రసంగం ఆయన కోసమేనని చెప్పాను. "మీ అన్నకు ఎన్ని ఉండాయి?" అన్నాడు. నలభై అన్నాను. "ఆ నలభై ఏం తినాలని ఎప్పుడన్నా అడిగినావా? ఈడ రెండుసార్లు అగ్గి పెట్టింది నేనే. సర్పంచమ్మ నన్ను తిట్టలేదు, ఆ మాట అడిగింది."

ఏం చెప్పను చదువరీ! ఆ గ్రంథంలోనే, తోట పోయిన తర్వాత, ఆ మొదటి మనిషి రెండో కొడుకు గొర్రెల కాపరి. ఎన్నోసార్లు చదివాను. అతను మందను ఎక్కడ మేపుకున్నాడో ఒక్కసారీ ఆలోచించలేదు.

ఇద్దరం ఎక్కాం. పైన బోద నా ఛాతీ దాకా ఉంది, బంగారు రంగులో, గాలికి మొత్తం కొండే పక్కకు ఒరిగినట్టు. కౌజు పిట్టలు కాళ్ల ముందు నుంచి లేచాయి. వంకలో రాయి కింద ఊట ఇంకా తడిగా ఉంది. నల్లప్ప ఒక పరక నలిపి నా ముక్కు దగ్గర పెట్టాడు, నిమ్మాకు లాంటి ఘాటు. ఏటేటా కాలి గడ్డి పొట్టిబడక ముందు మా కొండదీ ఇదే వాసన. అన్నా నేనూ ఆ గడ్డిలో దాక్కుంటే నాయన పేరుపెట్టి పిలిచేవాడు. ఇన్నేళ్లు దేవుని రాజ్యం గురించి ఎంత కేకలు పెట్టినా, నా గుండె దేనికోసం కొట్టుకుంటోందో ఆ పరక చెప్పింది. నల్లప్ప కొడవలితో ఒక పిడికెడు కోసి ఇచ్చాడు. తువాలులో కట్టుకున్నాను. దిగాక తొర్రలోంచి అగ్గిపెట్టె తీసి ఇవ్వబోయాడు. ఉంచుకోమన్నాను.

మర్నాడు పొద్దున దొడ్లో అన్న ముందు తువాలు విప్పాను. వాక్యం విప్పలేదు. ఆయన పరక తీసుకుని చాలాసేపు వాసన చూశాడు.

"యాడిదిరా ఇది?"

చెప్పాను. తీర్మానం సంగతీ చెప్పాను.

"గడ్డి ముందు మాకేనని రాస్తారా? కాగితం మీద?"

"అడగాల. నువ్వూ వస్తే" అన్నాను. ఆయన పరకను తలపాగాలో దోపుకుని మందను తోలుకుపోయాడు.

శుక్రవారం ఇంకా రాలేదు. మా కొండ ఇంకా పసుపుగానే ఉంది, పొద్దున లేవగానే అటే చూస్తున్నాను. నాయన చూడని ఆ మబ్బు, పొగ లేని కొండ మీద నిలిస్తే, అన్న పక్కన కూర్చుని చూడాలని ఆశ. సభలో నా ప్రసంగం ఉండదు. నలభై గొర్రెలు ఏం తినాలన్న ఒక్క ప్రశ్నే అడుగుతాను.

మీరూ ఆ కొండకు పోతే ఎండ ముదరకముందే, పొద్దున పది గంటలలోపు కొండ కిందికి చేరండి, అగ్గిపెట్టె మాత్రం ఇంట్లోనే పెట్టి రండి.