బాగా తయారైన బొమ్మ తుపాకీ

2022 సెప్టెంబరు. అమెరికాలో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మా టెస్టింగ్ ల్యాబ్ హైవే పక్కన, ఒక టైర్ల షాపుకీ డాన్స్ స్కూలుకీ మధ్య ఉంటుంది. వేరే దేశాల్లో తయారైన వస్తువులు ఇక్కడ అమ్మకానికి పెట్టే ముందు మా దగ్గరికి వస్తాయి. మిక్సీ, మడత కుర్చీ, పిల్లల సైకిల్, ఏదైనా సరే. వేడి చేసి చూస్తాం, కింద పడేసి చూస్తాం, విరిగేదాకా వంచి చూస్తాం, ఆ తర్వాత ఏం చూశామో రాసిస్తాం. నేను అక్కడ మెకానికల్ ఇంజనీరుని. మా ఆయన "నీకు ఏ వస్తువూ నచ్చదేమే?" అంటుంటారు. నచ్చకపోవడమే నా ఉద్యోగం, దానికే జీతమిస్తున్నారు అని చెప్తుంటాను.

ఆ నెలలో శేషగిరి గారు అట్టపెట్టె పట్టుకుని వచ్చారు. ఊళ్ళో ఆయనకి పెద్ద ఇండియన్ గ్రోసరీ ఉంది. దాంతో పాటు పండగ సామాను, బొమ్మలు దిగుమతి చేసే వ్యాపారం కూడా ఉంది. అంతకు ముందు ఆయన తెచ్చిన ప్రెషర్ కుక్కర్లు పరీక్షించి ఇచ్చాను. మనిషి తియ్యగా మాట్లాడతారు, వచ్చినప్పుడల్లా స్వీట్ల డబ్బా తెస్తారు. ఆ డబ్బా రిసెప్షన్‌లో పెట్టించి నేను ముట్టకుండా ఉంటాను. అది మా ల్యాబ్ పద్ధతి.

పెట్టెలో నల్లటి పిస్తోళ్ళు ఉన్నాయి.

"కంగారు పడకండి సుధ గారూ, బొమ్మలే. ఎయిర్‌సాఫ్ట్. బిల్డ్ క్వాలిటీ ఎలా ఉందో, పెర్ఫార్మెన్స్ ఎలా ఉందో ఒక రిపోర్ట్ ఇచ్చేయండి చాలు," అన్నారు.

ఎయిర్‌సాఫ్ట్ అంటే నిజం తుపాకీ అచ్చులోనే తయారుచేసి, తూటాకు బదులు చిన్న ప్లాస్టిక్ గుండు వదిలే తుపాకీ. పెద్దవాళ్ళు కళ్ళకు అద్దాలు పెట్టుకుని, మైదానాల్లో జట్లుగా విడిపోయి ఆడే ఆట కోసం చేస్తారు. ఇది గ్యాస్ బ్లోబ్యాక్ రకం. పిడి లోపల దూరే మ్యాగజైన్‌లో గుండ్లతో పాటు గ్యాస్ నింపుతారు. ట్రిగ్గర్ నొక్కితే గ్యాస్ గుండుని ముందుకు తోసి, పైనున్న లోహపు స్లైడ్‌ని వెనక్కి తన్నుతుంది. చేతికి నిజమైన తుపాకీ కుదుపే తెలుస్తుంది. ఈ ఆట ఆడేవాళ్ళ మీద నాకేమీ కోపం లేదు. వాళ్ళు జాగ్రత్తగానే ఆడతారు.

పెట్టెలోంచి నా చేత్తో ఏరుకున్న రెండింటిని బల్ల మీద పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే పని చాలా బాగుంది. స్లైడ్ అల్యూమినియం, అటూ ఇటూ కదిలిస్తే లొడలొడలాడలేదు. అతుకుల దగ్గర గరుకు లేదు. మ్యాగజైన్‌ని నీళ్ళలో ముంచితే ఒక్క బుడగ రాలేదు, అంటే గ్యాస్ కారడం లేదు. క్రోనోగ్రాఫ్ అనే వేగం కొలిచే పరికరం ముందు పేలిస్తే గుండ్లన్నీ దాదాపు ఒకే వేగంతో వెళ్ళాయి, పెట్టె మీద రాసింది అబద్ధం కాదు. వరసగా పేల్చినప్పుడు గ్యాస్ చల్లబడి వేగం కొంచెం తగ్గింది. ఆ రకం తుపాకీకి అది మామూలే. సేఫ్టీ మీట పెట్టి నడుమెత్తు నుంచి కాంక్రీటు మీద పడేస్తే పేలలేదు, పగల్లేదు. ఏ వస్తువూ నచ్చని నేను కూడా మెచ్చుకున్నాను.

ఒక్కటి తప్ప. ఈ దేశంలో ఇలాంటి నకలు తుపాకులకి గొట్టం కొసన కొట్టొచ్చినట్టు కనపడే నారింజ రంగు ఉండాలని చట్టం. దూరం నుంచి చూసినవాళ్ళకి ఇది నిజం తుపాకీ కాదని చెప్పే గుర్తు అదొక్కటే. ఈ పిస్తోలుకి ఆ నారింజ ముక్క చిన్న రింగులా దూర్చి ఓ చుక్క జిగురు వేశారు. టెక్సస్ ఎండలో నిలిపిన కారు లోపల ఎంత వేడుంటుందో అంత వేడిలో పిస్తోలుని పెట్టి తీశాను. రింగు వేళ్ళతో లాగితే ఊడి వచ్చింది. రెండోదీ అంతే.

శేషగిరి గారిని పిలిచి చూపించాను. "ఇది పిల్లల బొమ్మ కాదండీ. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకే అమ్మాలి. రింగు ఊడకుండా చేయించే దాకా అసలు అమ్మకండి. మీ పండగ సామాన్ల మధ్య మాత్రం పెట్టొద్దు."

"అయ్యో, తప్పకుండా. గమ్ము మార్పించేస్తాను. మీరు చెప్పాక ఇంకేముంది?" అన్నారు ఆయన చేతులు జోడించి. రిపోర్టులో బిల్డ్ క్వాలిటీ కింద 'ఎక్సలెంట్' అని రాశాను. మూడో పేజీలో రింగు ఊడిన సంగతి, అమ్మకూడదన్న సంగతి ఫొటోలతో సహా రాశాను. మా వృత్తిలో రాసే క్రమమే అది. ముందు మంచి, తర్వాత లోపాలు, ఆఖర్న సిఫార్సు.

దీపావళికి ముందు శనివారం ప్రమిదలూ వత్తులూ కొందామని శేషగిరి గారి షాపుకి వెళ్ళాను. తలుపు దాటగానే ముగ్గుల రంగులు, లైట్ల తోరణాలు, ప్రమిదల పెట్టెలు. వాటి మధ్యలో, పిల్లల చేతికందే ఎత్తులో ఆ నల్ల పిస్తోళ్ళు. పైన ఎర్రటి బ్యానర్. 'దీపావళి స్పెషల్! ల్యాబ్ టెస్టెడ్! ఎక్సలెంట్ బిల్డ్ క్వాలిటీ!' ఆ పక్కన మా ల్యాబ్ పేరు.

నా ఒళ్ళు భగ్గుమంది. నేను రాసిన మాటే అది. ఒక్క అక్షరం మార్చలేదు. నా మూడో పేజీని మాత్రం నమిలి మింగేశారు.

కౌంటర్ దగ్గరికెళ్ళి, "ఏంటండీ ఇది?" అన్నాను.

శేషగిరి గారు నవ్వుతూనే ఉన్నారు. "రండి రండి సుధ గారూ. మీ దయవల్ల బాగా పోతున్నాయి. ఇక్కడ ఊళ్ళో టపాకాయలు కాల్చనివ్వరు కదా, పిల్లలకి పండగ సరదా ఉండొద్దూ? మన చిన్నప్పుడు మనం రీలు తుపాకులు కాల్చలేదా?"

"రీలు తుపాకీ రేకు ముక్క. దాన్ని చూసి కుక్క కూడా భయపడదు. ఇదీ అదీ ఒకటేనా? రింగులు అతికించారా?"

"ఈ సరుకు అప్పటికే వచ్చేసింది కదండీ. వచ్చే సరుకుకి చేయిద్దాం."

"బ్యానర్ దించండి. ఇప్పుడే."

"మేడమ్, మీరు రాయనిది నేనేమన్నా వేశానా? ఎక్సలెంట్ అన్నది మీరే కదా!"

వెనక బిల్లు కోసం నిలబడ్డవాళ్ళు మమ్మల్నే చూస్తున్నారు. ఆయనకేదో గట్టిగా జవాబు చెప్పబోతూ అద్దాల్లోంచి బయటికి చూశాను.

పార్కింగ్ లాట్‌లో, కారు పక్కన, లాల్చీ వేసుకున్న ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. చేతిలో పిస్తోలు. ఒక కన్ను మూసి కరెంటు స్తంభానికి గురిపెడుతున్నాడు. పక్కన ఏడెనిమిదేళ్ళ మనవరాలు నవ్వుతూ చప్పట్లు కొడుతోంది. గొట్టం కొసన నారింజ రంగు లేదు. అదే వరసలో బ్యాంకు ఉంది. బ్యాంకు ముందు ఒకావిడ కారు వెనక వంగి కూర్చుని ఫోన్లో మాట్లాడుతోంది.

నేను బయటికి పరుగెత్తేసరికి పోలీసు కారు లాట్‌లోకి తిరిగింది. ఇద్దరు దిగారు. కారు తలుపుల వెనక నిలబడి తుపాకులు ఎత్తారు.

"డ్రాప్ ద గన్! డ్రాప్ ఇట్ నౌ!"

పెద్దాయన వాళ్ళవైపు తిరిగాడు. మొహం నిండా నవ్వు. "టాయ్ సార్! టాయ్!" అంటూ వాళ్ళకి చూపిద్దామని పిస్తోలుని కొంచెం పైకెత్తాడు.

పరుగు ఆపకుండానే, "ఇట్స్ ఎ టాయ్! హి డజంట్ అండర్‌స్టాండ్!" అని అరిచాను. నన్ను అక్కడే ఆగమని ఒక పోలీసు గద్దించాడు. ఆగిపోయి, ఈసారి తెలుగులో అరిచాను. "పెద్దాయనా! అది కింద పడేయండి! వాళ్ళు కాలుస్తారు! కిందేయండి!"

ఆయనకి తెలుగు వినబడింది. నవ్వు పోయింది. కానీ పడేయలేదు. మెల్లగా నడుం వంచి, దాన్ని పదిలంగా నేల మీద పెట్టబోయాడు.

"కొత్తది బిడ్డా, పగులుతది," అన్నాడు నాతో.

"పగలనీయండి! పారేయండి దాన్ని!"

"తాతా!" అని మనవరాలు కెవ్వుమంది.

ఆ కేకకి ఆయన చెయ్యి వదిలేసింది. పిస్తోలు నేలకి తగిలి ఎగిరి పడింది. పగల్లేదు. పగలదని నాకు తెలుసు.

చేతులెత్తించి, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, జేబులు తడిమాక వాళ్ళు తుపాకులు దించారు. ఒక పోలీసు పిస్తోలు తీసుకుని అరచేతిలో తూకం చూశాడు. మొహం పాలిపోయింది. నావైపు తిరిగి, "చేతిలో పట్టుకున్నాక కూడా నాకు అనుమానంగానే ఉంది. అక్కడి నుంచి నాకేం తెలుస్తుంది మేడమ్?" అన్నాడు ఇంగ్లీషులో. పాతికేళ్ళు కూడా ఉండవు అతనికి.

పెద్దాయన పేరు లింగయ్య. కరీంనగర్‌లో ఆర్టీసీ కండక్టరుగా చేసి రిటైరయ్యి, కూతురి దగ్గరికి వచ్చాడు. కూతురు షాపులో కూరగాయలు ఏరుతుంటే, తాత మనవరాలికి పండగ బొమ్మ కొని, పెట్టె విప్పి చూపిస్తున్నాడు. నారింజ రింగు ఆయన లాల్చీ జేబులో దొరికింది.

"ఇదెందుకు తీశారండీ?" అని అడిగాను.

"ప్యాకింగు బిరడా అనుకున్న బిడ్డా. సీసాకు ఉంటది సూడు, గట్ల. అది తీస్తెనే గద రీలు ఏడ వెట్టాల్నో తెలిసేది."

ఆయన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. రీలు తుపాకీ తప్ప ఇంకో బొమ్మ తుపాకీ ఎరగని మనిషి. దీపావళి సామాన్ల మధ్య పెట్టి అమ్మితే అది దీపావళి తుపాకీ కాక మరేమనుకుంటాడు? కూతురు ఏడుస్తూ వచ్చి ఆయన్ని కార్లో కూర్చోబెట్టింది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆయన మోకాళ్ళకి అంటిన దుమ్ము కూడా దులుపుకోలేదు.

"బిడ్డా, ఒక్క మాట నిజం జెప్పు. ఆ పిలగాడు నిజంగనే కాల్చెటోడా?"

"అవునండీ."

"బొమ్మకే?"

"బొమ్మని వాళ్ళకి తెలియదు కదండీ."

"మరి తెల్వకుంట గట్లెందుకు జేసిన్రు?" అన్నాడు.

నకలు నిజం తుపాకీకి ఎంత దగ్గరగా ఉంటే మా మూల్యాంకనంలో మార్కులు అంత పెరుగుతాయి. బరువు సరిపోయిందా, స్లైడ్ అలాగే తన్నుతోందా, రంగు అలాగే ఉందా? అన్నిటికీ అవునని రాసి సంతకం పెట్టాను. ఎవరి కోసం చేసిన మెప్పు అది?

మళ్ళీ లోపలికి వెళ్ళాను. శేషగిరి గారు మంచినీళ్ళ గ్లాసు అందించబోయారు. "పోన్లెండి, దేవుడి దయవల్ల ఏమీ కాలేదు కదా. పెద్దాయన కూడా అలా రోడ్డు మీద తియ్యకుండా ఉండాల్సింది," అన్నారు.

నా జీవితంలో ఒక క్లయింటు మీద అరిచింది ఆ రోజే. "ఏమీ కాలేదా? ఆ పాప కళ్ళ ముందు వాళ్ళ తాతని మోకాళ్ళ మీద కూర్చోబెట్టారండీ! ఇంగ్లీషు రాకపోవడం ఆయన తప్పా? ఆయన చేతిలో అది పెట్టిందెవరు? పండగ పేరు చెప్పి, నా మాట బోర్డు కట్టి, డబ్బులు తీసుకుని పెట్టిందెవరు? మీ మనవడి చేతికిచ్చి పంపండి బయటికి, చూద్దాం!"

నేను కుర్చీ లాక్కుని ఎక్కి బ్యానర్ని నా చేత్తోనే పీకేశాను. బిల్లు కోసం నిలబడ్డవాళ్ళలో ఒకాయన వచ్చి రెండో కొస విప్పాడు. ఇంకొకావిడ చెప్పకుండానే పిస్తోళ్ళ పెట్టెలన్నీ తీసి కౌంటరు వెనక పడేసింది. సోమవారం మా మేనేజరుతో చెప్పి, మా పేరు వాడకూడదని శేషగిరి గారికి నోటీసు ఇప్పించాను, సంబంధిత ప్రభుత్వ విభాగానికి ఫిర్యాదు పంపించాను. ఆ తర్వాత ఆయన పరీక్షలకి వేరే ల్యాబుకి వెళ్తున్నారని విన్నాను. వెళ్ళనివ్వండి.

ఆ కేసు నాకు ఒకటే నేర్పింది. మెచ్చుకోలు ఒక పేజీలో, హెచ్చరిక ఇంకో పేజీలో రాస్తే, ఆ రెండింటి మధ్యా కత్తెర పెట్టేవాడు ఎక్కడో ఒకచోట ఉంటాడు. ముందు మంచి, తర్వాత లోపాలు అనే ఆ క్రమాన్ని అప్పుడే వదిలేసి, రెండూ ఒకే వాక్యంలో రాయడం మొదలుపెట్టాను. మేనేజరు "ఇలా ఎవరూ రాయరు" అన్నాడు. నేను రాస్తాను అన్నాను.

ఆ పిస్తోలు రిపోర్టుని వెనక్కి తీసుకుని సరిదిద్ది పంపాం. బిల్డ్ క్వాలిటీ అన్న చోట ఇప్పుడు ఒక్కటే వాక్యం ఉంది: 'తయారీ ఎంత బాగుందంటే, దీన్ని పట్టుకున్న మనిషిని పోలీసులు కాల్చేయవచ్చు.' కావాలంటే ఈ మాటని బ్యానర్ మీద వేసుకోమనండి.