రెండో పక్క అంచు

మొన్న మా వరండాలో తాండూరు బండలు పరుస్తున్నారు. పనివాడు సుద్దముక్కతో బండ మీద గీత గీయగానే కిర్రుమని చప్పుడైంది. పళ్ళు జివ్వుమన్నాయి, వెంటనే నవ్వొచ్చింది. మల్లయ్య మేస్త్రీ అయితే ఆ చప్పుడుకు తోడుగా ఈల వేసేవాడు.

అరవైల మొదట్లో సంగతి. డిప్లొమా చేతబట్టుకుని, వికారాబాదు నుంచి రోజూ పొద్దున రైలెక్కి తాండూరులో ఒక చిన్న వర్క్‌షాపుకు వెళ్ళేవాణ్ణి. మూడు నెలలు పని చూసి అప్పుడు ఖాయం చేస్తానన్నాడు దాని యజమాని సేఠ్. రాతిగనుల్లో డ్రిల్లు యంత్రాలకు గాలి నింపి ఉంచే ట్యాంకులు చేసేవాళ్ళం. మల్లయ్య అక్కడ పెద్ద మేస్త్రీ. కుల్కచర్లలో గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, రైలింజన్ల బాయిలర్ల దగ్గర సుత్తి పట్టి పని నేర్చిన మనిషి. బడి మొహం చూడలేదు. అంకెలు గుర్తుపట్టేవాడు, అంతే.

ట్యాంకు రెండు కొసలా బోర్లించిన గిన్నెలాంటి మూతలుండాలి. చదునైన ఇనుప ప్లేటును గుండ్రంగా కోసి, ఎర్రగా కాల్చి, అచ్చులో నొక్కితే ఆ మూత తయారవుతుంది. మూత చుట్టూ అంగుళమున్నర నిలువు అంచు కూడా రావాలి. ఆ చదును బిళ్ళ అడ్డకొలత ఎంత ఉండాలన్నదే అసలు చిక్కు. చిన్నదిగా కోస్తే అంచు అందదు, ప్లేటు తుక్కు కింద పోతుంది.

నేను చేరిన రెండో నెలలో నాలుగడుగుల వెడల్పు ట్యాంకు పని మొదలైంది. నేను చేరకముందే తెప్పించమన్న దాని ప్లేటు బొంబాయి నుంచి రావడానికే రెండు నెలలు పట్టింది. రెండు మూతలకూ ఉన్నది అదొక్కటే.

"సారూ, మీ కాయితం నాకు సూపెట్టొద్దు, నా దారం మీకు సూపెట్ట," అన్నాడు మల్లయ్య. "ఎవలది వాళ్ళం తీద్దాం. ఇద్దరికి ఒక్కటొస్తెనే ప్లేటు మీద చెయ్యేద్దాం."

ఆయన పద్ధతి అది. నేల మీది బండపై సుద్దముక్కతో మూతను సగానికి కోసినట్టు అసలు సైజులో బొమ్మ గీసి, ప్లేటు మందానికి సరిగ్గా నడుమ దారం పరిచి, వంపు వెంట ఆ చివరి నుంచి ఈ చివరికి తీసుకెళ్ళి ముడి వేసేవాడు. నేను పుస్తకంలో సూత్రం చూసి కాగితం నింపాను. దారం యాభై అయిదు అంగుళాలు వచ్చింది. నాది యాభై మూడున్నర.

"పన్నెండు సూత్ తక్కువొచ్చింది సారూ." అంగుళంలో ఎనిమిదో వంతును ఆయన సూత్ అనేవాడు.

"దారం సాగి ఉంటది మేస్త్రీ," అన్నాను. చదువుకున్నవాణ్ణి కదా, ఆ మాత్రం పొగరుండేది.

మల్లయ్య కోపం తెచ్చుకోలేదు. నా టిఫిను డబ్బా తెచ్చి దాని మూత తీసి నా చేతిలో పెట్టాడు. "గీ మూతకు అంచు ఒక్క దిక్కే ఉన్నదా సారూ?"

మూత చుట్టూ వేలు తిప్పి చూశాను. అడ్డకొలతకు రెండు చివరలుంటాయి. అంచును నేను ఒక్క చివరే కలిపాను.

సరిగ్గా అప్పుడే సేఠ్ లోపలికొచ్చాడు. "ఇంజినీర్ సాబ్ లెక్క ఎంతొచ్చింది?"

"లెక్క ఇంక నడుస్తున్నది సేఠ్. జర చాయ్ తాగి రాండ్రి," అన్నాడు మల్లయ్య.

నన్ను కాపాడుతున్నాడని తెలుస్తూనే ఉంది. నోరు మూసుకుంటే గండం గడిచిపోయేది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు కూడా. అయినా ఆయన ముందు ఆ అబద్ధం మోయలేకపోయాను.

"నాది తప్పొచ్చింది సేఠ్. ఒక పక్క అంచు మర్చిపోయిన. మేస్త్రీ దారమే కరెక్టు."

సేఠ్ మొహం మాడిపోయింది. ప్లేటు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "గీయన చేతికి ప్లేటు ఎట్ల ఇయ్యాలె మల్లయ్యా?"

మల్లయ్య పకపకా నవ్వాడు. "తప్పు దాచెటోనికి ఇయ్యొద్దు సేఠ్. గీ సారుకు ఇయ్యొచ్చు." అంటూ ప్లేటు మీద గుర్తు కొట్టే ఇనుప పంచ్ నా చేతిలో పెట్టాడు.

మూతలు రెండూ చక్కగా దిగాయి. చుట్టూ అంచు సమానంగా వచ్చింది. మూడో నెల నిండకముందే సేఠ్ నన్ను ఖాయం చేశాడు.

ఆ వానాకాలం షెడ్డు కారి, ముడివేసి పెట్టిన మల్లయ్య దారం తడిసి కురచయింది. ఆయన కొలత నాలుగు సూత్ తప్పింది. మనిషి ఏమాత్రం సిగ్గుపడలేదు. అందర్నీ పిలిచి, పెళ్ళికబురు చెప్పినంత సంబరంగా, "గియాల నేను తప్పిన, సారు గెలిచిండు!" అని చాటాడు.

మల్లయ్య పోయి చాలా ఏళ్ళయింది. తర్వాత పెద్ద ఫ్యాక్టరీల్లో పనిచేశాను, నా కింద ఎందరో ఇంజినీర్లు పనిచేశారు. నిండు మీటింగులో "ఈ తప్పు నాదే" అని లేచి నిలబడ్డప్పుడు వాళ్ళు నన్ను వింతగా చూసేవారు. నాకు మాత్రం ఆ మాట అన్న ప్రతిసారీ మల్లయ్య ఆ గుర్తు కొట్టే పంచ్ మళ్ళీ చేతిలో పెట్టినంత ధైర్యంగా ఉండేది.