నేను సగమే గీసిన వంశవృక్షం

మొన్న ఆత్మకూరులో మా ఇంటి వరండాలో కూర్చుని, మా తమ్ముడి కూతురు ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఉదయగిరి కొండ కింది పల్లెల్లో పదేళ్ళు దాటిన పిల్లలకు కాళ్ళు చచ్చుబడే జబ్బుకు కారణమైన జన్యువు ఇదేనని చూపించినప్పుడు, పైకి మెచ్చుకున్నాను గానీ లోపల కుళ్ళుకున్నాను. నా ఈడువాళ్ళ దగ్గర దాపరికమెందుకు, సొంత మేనకోడలి మీదే అసూయ పడ్డాను.

ఆ జబ్బును మొదట పట్టించుకున్నది నేను కదా. నర్సుగా చేరిన కొత్తలో వింజమూరు దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి నడిచి, టీకాలు వేస్తూనే ఏ బిడ్డ మంచాన పడ్డాడో, వాళ్ళమ్మ ఎవరి కూతురో, అమ్మమ్మది ఏ ఊరో అడిగి కాగితాల మీద గీసుకునేదాన్ని. అతికించగా అతికించగా ఆ కాగితం మంచమంత అయింది. మేనకోడలి కంప్యూటరేమో ఎవరినీ ఏమీ అడగకుండా, రక్తాన్ని బట్టే ఎవరు ఎవరికి చుట్టమో తేల్చి, తెలిసిన జబ్బుల నుంచి తాను నేర్చుకున్నదానితో, జన్యువుల్లోని వేల తేడాల్లో హాని చేసేది ఏదో ఏరి పెట్టిందట.

నా కాగితం చూసి మేనకోడలు ఒకటే అడిగింది. "అత్తా, ఇందులో నాయనల తట్టు ఒక్కరూ లేరేంది?"

నిజమే, లేరు. బిడ్డలను నా దగ్గరికి తెచ్చేది అమ్మలు, నేను అడిగిందీ వాళ్ళనే. జబ్బు తల్లి వైపు నుంచే వస్తుందని ఊరంతా అనుకునేది, చదువుకున్న నేనూ అలాగే అనుకున్నాను. ఇద్దరు కొడుకులూ మంచాన పడిన ఒక తల్లికి, ఆమె అత్త వింటుండగానే, ఇది మీ అమ్మ వైపు నుంచి వచ్చిందని చెప్పాను. ఆ అత్త ఆమెకు స్వయానా మేనత్త. ఆనాటి నుంచి కోడలిని పుట్టింటి గడప తొక్కనివ్వలేదు.

ఇప్పుడున్న చుట్టాల రక్తాన్ని బట్టి కంప్యూటర్ తేల్చిందేమిటంటే, ఆ లోపం ఆ తల్లి నాయనలోనూ, ఆ మేనత్తలోనూ ఉండి, ఇటు ఆమె నుంచీ, అటు మేనత్త కొడుకైన ఆమె మొగుడి నుంచీ బిడ్డలకు చేరింది. అమ్మకు ఏ సంబంధమూ లేదు.

మేనకోడలితో ఆ పల్లెకు పోయాను. అత్త ఎప్పుడో పోయింది, కొడుకులూ లేరు. మేనకోడలు నెమ్మదిగా అంతా విడమరచి చెబితే, ఇప్పుడు ముసలిదైన ఆ తల్లి దాని రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు ముందే వచ్చుంటే మా యమ్మ దగ్గరికి పోయుండేదాన్ని కదమ్మా. సచ్చిపోయినప్పుడు కూడా పోలేదే."

నా వైపు చూడలేదు. తప్పు నాదేనని చెప్పకుండానే లేచి మేనకోడలి వెంట బస్సెక్కాను.

ఈ కాలం పిల్లలు రక్తాన్ని అడుగుతున్నారు, మా కాలంలో మేము ఆడవాళ్ళను మాత్రమే నిలదీశాం. తిరుగు బస్సులో మేనకోడలు కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నేను ఆత్మకూరు వచ్చేదాకా, ఆ తల్లి పట్టుకున్న దాని చేతులనే చూస్తూ కూర్చున్నాను. అప్పుడూ నాకు అసూయగానే ఉంది.