కొత్త రికార్డులో చిన్న గంట

మానుకోటలో అక్తర్ ఇంట్లో చాయ్ తాగాలంటే ఒకే పాటను రెండుసార్లు వినాలి. మొదట పాత రికార్డు. తర్వాత అదే పాటను అమెరికా వాళ్లు కడిగి, తుడిచి, మళ్లీ వదిలిన రీమాస్టర్ రికార్డు. రెండూ అయ్యాక ఆయన ముందుకు వంగి, "తేడా తెల్సిందా?" అంటాడు. తెలిసిందంటే ఏం తెలిసిందో చెప్పాలి. తెలియలేదంటే మళ్లీ మొదటినుంచి.

అవి మన మూడు నిమిషాల పాటలు కావు. యాభై ఏళ్ల కిందటి అమెరికన్ ప్రోగ్రెసివ్ రాక్. ఒక్క పాటే రికార్డు ఒక వైపంతా పాకుతుంది. గిటారు ఆగింది కదా అని చెప్పులు వెతుక్కునేసరికి ఆర్గాన్ అందుకుంటుంది. కరెంటు బిల్లు మనిషి ఒకసారి లోపలికొచ్చి ఇరుక్కున్నాడు. అప్పటినుంచి బిల్లు గేటు సందులో పెట్టి పరుగు తీస్తున్నాడు.

రైల్వేలో రిటైరైన ఆ మహానుభావుడికి మిగిలిన శ్రోత పక్కింటి వెంకట్రాం ఒక్కడే. ఎరువుల దుకాణం మూసి నేరుగా అక్కడికే పోతాడు. వెంకట్రాం భార్య కరుణకు ఆ రికార్డులంటే ఒళ్లుమంట. వాటి మోతకే మొగుడి చెవులు మందగించాయని ఆమె నమ్మకం. మొన్న మార్కెట్ దగ్గర వెంకట్రాం, వెనక లారీ హారన్ కొడుతుంటే నడిరోడ్డు మీద తాపీగా నడిచాడు. ఎవరో రెక్క పట్టి గుంజితే బతికాడు.

"దవాఖానకు పోదాం పా" అని కరుణ అంటే, "నాకేమైంది? నువ్వే నోట్ల నోట్ల మాట్లాడుతున్నవ్!" అని కసిరాడు. చెవి మిషన్ మాటెత్తితే కంచం ముందునుంచి లేచిపోయాడు.

కరుణ అక్తర్‌కు మొరపెట్టుకుంది. "భాయ్, మీ దోస్తుకు జర చెప్పుండ్రి."

"చెప్తే ఇంటడా భాబీ? పాట ఇనిపిస్త."

కరుణ తల పట్టుకుంది.

ఆ సాయంత్రమే రికార్డు తిరిగింది. "పాతదాంట్ల గిటార్ల కింద నలిగిపోయిన చిన్న గంట కొత్తదాంట్ల సాఫ్‌గ మోగుతది. ఇన్నవా?"

"గంట లేదు, గింట లేదు. కంపెనోడు మోసం జేసిండు!"

"అయితే ఇంకో ఎడిషన్ తెప్పిస్త."

తెప్పించాడు. అందులోనూ గంట లేదన్నాడు వెంకట్రాం. ఇంకోటి వచ్చింది. ఒకే ఆల్బం అట్టలతో అల్మారా నిండిపోతుంటే, అక్తర్ భార్య అజ్మత్ బీ, "కొన్నదే కొంటున్నడు, ఈయనకేమన్న అయ్యిందా?" అని పరేషానైంది.

ఆఖరికి అక్తర్ కూడా చెవి రుద్దుకున్నాడు. "నాక్కూడ ఇనబడ్తలేదు వెంకట్రాం. తప్పు కంపెనోనిదా, మన చెవులదా తేలాలె. ఇద్దరం హన్మకొండ పోయి చూపిచ్చుకుందాం. పందెం?"

"పందెం!"

గోడ అవతల గిన్నెలు తోముతున్న కరుణకు ఆ గంట స్పష్టంగా వినబడింది. అక్తర్ భాయ్‌కూ పోయాయా చెవులు అని దిగులు పడింది.

కంపెనీ మోసం రుజువు చెయ్యడానికి వెంకట్రాం తెల్లారే బస్సెక్కాడు. ఇద్దరూ చెరో మిషన్‌తో దిగారు. వెంకట్రాంకు సిగ్గన్న మాటే లేదు. "అక్తర్‌వి నాకంటె ఖరాబున్నయంట!" అని కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు.

మరునాడు కరుణ పళ్లెంతో అక్తర్ ఇంటికి వెళ్లింది. ఆయన వీపు తిప్పి రికార్డు తుడుచుకుంటున్నాడు. "సర్వపిండి అడుగు మాడింది, భాయ్ ఏమనుకుంటడో" అని గేటు దగ్గరే గొణుక్కుంది.

"మాడిందే మంచిగుంటది భాబీ, తెండ్రి!" అన్నాడు అక్తర్, తల తిప్పకుండానే.

కరుణ గబగబా వెళ్లి ఆయన చెవిలోని మిషన్ లాగి చూసింది. లోపల బ్యాటరీయే లేదు.

"భాయ్!"

"పాడైందే అడిగి తెచ్చుకున్న. వాడు ఒక్కడే పెట్టుకుంటడా భాబీ? జోడు ఉండాలె గద."

ఈయన్నా తను ఇన్నాళ్లు తిట్టుకున్నది! అంతలో గేటు చప్పుడైంది. వెంకట్రాం వస్తున్నాడు. కరుణ మిషన్‌ను మళ్లీ ఆయన చెవిలో దోపి, వీధంతా వినబడేలా అరిచింది. "అక్తర్ భాయ్! సర్వపిండి తినుండ్రీ!"

రెండు రికార్డులూ తిరిగాయి. రెండోదాని చివర్లో వెంకట్రాం చెయ్యి ఠక్కున పైకి లేచింది. "మోగింది!"

అక్తర్ ముందుకు వంగాడు. "తేడా తెల్సిందా?"

"తెల్సింది. పాతదే మంచిగున్నది."

అక్తర్ ముఖం వాడిపోయింది. చెప్పులు వేసుకోబోతున్న కరుణ వెనక్కి వచ్చి కుర్చీ లాక్కుంది.

"మళ్ల మొదటిసంది పెట్టుండ్రి భాయ్," అంది గట్టిగా. "నేను గూడ ఇంట."