కల్తీ ఆసిడ్

తొంభైల చివర పర్చూరు దగ్గర హైస్కూల్లో పదో తరగతి చదివేవాణ్ణి. పొలాలన్నీ పోయినా, మునసబు తాతగారి ఉంగరం మాత్రం నా వేలికి ఉండేది.

"బంగారాన్ని నత్రికామ్లం ఏమీ చెయ్యలేదు. ఎవరి దగ్గరైనా బంగారు వస్తువు ఉందా?" అన్నారు సైన్సు మాస్టారు. ఠీవిగా లేచి ఉంగరం ఇచ్చాను. ఆసిడ్‌లో పడగానే అది బుసబుసా పొంగింది. గోధుమరంగు పొగ లేచింది.

"ఒరేయ్, మునసబు గారిది గిల్టురా!" క్లాసంతా గొల్లుమంది.

ఇంటికెళ్లి చెప్పాను. నాన్నగారు తలెత్తలేదు.

"పురుగుమందులే కల్తీవి అమ్ముతున్నారు. ఆ ఆసిడూ కల్తీదై ఉంటుందిరా."

"అవును నాన్నగారూ."

అసలైన ఉంగరం ఎప్పుడు అమ్మారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆయన పోయేదాకా ఆసిడే కల్తీదన్నాం. ఇద్దరిలో ఒక్కరమూ నమ్మలేదు.