చెయ్యి ఎక్కడ ఆగుతుంది?

సోల్డరింగ్ తీగ కరిగేటప్పుడు లేచే సన్నని పొగ ముక్కుకు తగిలితే చాలు, సాతంరాయిలోని నా గదిలో కూర్చున్నా కాటేదాన్‌లోని మల్లేశ్ కాక కార్ఖానా కళ్లముందుకు వస్తుంది. రేకుల కప్పు, విప్పిన ఆంప్లిఫయర్లు పరిచిన బల్ల, చెవి మీద పెన్సిల్‌తో ఆయన. కాలేజీ డిబేట్లలో నేను గెలిచిన కప్పులు ఇంట్లో పెట్టి, పదో తరగతితో చదువు ఆపేసిన ఆ మనిషి దగ్గర నేను మూడేళ్లు పని నేర్చుకున్నాను. ప్రశ్న వేయకుండా ఒక్క స్క్రూ కూడా బిగించనని నన్ను "వకీలమ్మా" అని పిలిచేవారు.

ఆ రోజుల్లో శంషాబాద్‌లో సంగీతం నేర్పే రాజ్యలక్ష్మి టీచర్ ఉండేవారు. కాకినాడ నుంచి వచ్చి స్థిరపడిన ఆమె, దూరాన ఉన్న శిష్యులు పాడి పంపిన రికార్డింగులను హెడ్‌ఫోన్‌లో విని తప్పులు దిద్దేవారు. చెవి ఆపరేషన్ తర్వాత చాలా తక్కువ శబ్దంతోనే వినమని డాక్టర్ చెప్పారు. అంత తక్కువలో ఆమె ఆంప్లిఫయర్ పాటను ఎడమ చెవి వైపే నెట్టేసేది. "గొంతు ఒక పక్కకు ఒరిగిపోతుంటే శ్రుతి ఎలా పట్టుకోవాలమ్మాయ్? ఇది కుదరకపోతే పాఠాలు మానేస్తాను" అన్నారు. నేను వెంటనే మాట ఇచ్చాను. మామూలు వాల్యూమ్ కంట్రోల్‌లో రెండు చెవులకు శబ్దాన్ని తగ్గించి పెంచే రెండు పట్టీలుంటాయి. బాగా తగ్గించినచోట అవి సమానంగా పనిచేయవు. దాని బదులు మెట్టుమెట్టుకూ టక్కుమని ఆగే స్విచ్ వేస్తే ప్రతి మెట్టులోనూ రెండింటికీ ఒకే కొలత. నా వాదనకు ఆమె ఒప్పుకున్నారు.

కాక అంతా విన్నారు. "మంచిగ చెప్పినవ్. ఆమె చెయ్యి ఏడ ఆగుతది?"

"ఏడ ఆగితే ఏంది కాకా? అన్ని మెట్లల్ల సమానమే గద."

"నేను గది అడగలే."

ఏ కంట్రోల్ వేయాలో తేల్చేముందు కాక పాత ఆంప్లిఫయర్ పెట్టెనే వినేవాళ్ల చేతికిచ్చి, కళ్లు మూసుకొని తిప్పుకొమ్మనేవారు. చెయ్యి ఆగినచోట పెన్సిల్‌తో గీత పెట్టేవారు. సామాన్ల డబ్బా ఆ తర్వాతే తెరిచేవారు. మర్నాడు ఇద్దరం టీచర్ ఇంటికి వెళ్లాం. ఆమె చెయ్యి కదిలిందో లేదో ఆగిపోయింది. గీత సున్నా పక్కనే పడింది. అక్కడే నా స్విచ్ కలిపి చూశాం. మొదటి మెట్టులో పాట అందలేదు. రెండో మెట్టుకే శబ్దం మరీ ఎక్కువై ఆమె హెడ్‌ఫోన్ తీసేశారు.

కాక నన్ను వరండాలోకి పిలిచారు. "కేసు ఎవరి మీద ఏసినవ్ వకీలమ్మా?"

"కంట్రోల్ మీద."

"దాని తప్పేం లేదు. ఆంప్లిఫయరే ఒర్రుతున్నది. జర దాని జోరు తగ్గియ్యి, ఆమె చెయ్యి నడుమకొస్తది. నడుమల రెండు పట్టీలు సమానంగనే ఉంటయ్."

రెండు పక్షాల్లో ఏది గట్టిదో తేల్చడంలో నాకు డిబేట్ల శిక్షణ ఉంది. మామూలు కంట్రోలూ, మెట్ల స్విచ్చూ రెండూ ఒక తప్పు ప్రశ్నకు జవాబులు కావచ్చని మాత్రం నాకు తట్టలేదు.

"ఇగ లోపలికి పో. మాటిచ్చింది నువ్వు, తప్పయిందని నువ్వే చెప్పు" అన్నారు కాక.

చెప్పాను. టీచర్ నవ్వారు. "తప్పిన చోటు నుంచే మళ్లీ ఎత్తుకో అమ్మాయ్. మా పిల్లలకు కూడా అదే చెబుతాను."

ఆంప్లిఫయర్ జోరు తగ్గించి, పది కంట్రోళ్లు కొలిచి రెండు పట్టీలూ బాగా కలిసినదాన్ని వేశాను. వారం తర్వాత ఆమె చెయ్యి నడుమన ఆగింది. కళ్లు మూసుకొని కాసేపు విన్నారు. "ఈ పిల్ల గాంధారం కిందికి దించేస్తోంది. ఉండండి, ఇప్పుడే చెప్పాలి" అంటూ ఫోన్ అందుకున్నారు. మేమిద్దరం అక్కడ ఉన్న సంగతే ఆమె మరచిపోయారు.

కాక చూపు మందగించి కార్ఖానా మూసేశారు. ఇప్పుడు అదే పని నేను సొంతంగా చేసుకుంటున్నాను. నేను చెప్పింది తప్పని తేలితే ఆ రోజే మాట ఇచ్చినవాళ్ల ఇంటికి వెళతాను. మొన్న అలాగే మామిడిపల్లి వెళ్లాను.

"ఫోన్ల చెప్తే అయిపోతుండె గద అక్కా, ఇంత దూరం ఎందుకొచ్చినవ్?" అన్నాడు ఆ ఇంటాయన.

"ఫోన్ల చెప్తే నాకు సరిపోదన్నా" అని, కూర్చుని ఆయన పెట్టె విప్పాను.