ఏడు తాళాల ఇన్‌ఛార్జి

ఆ రోజుల్లో నర్సు నడుముకి తాళాల గుత్తి వేలాడితే చాలు, వార్డంతా ఆమె మాట వింటుందని నేను గట్టిగా నమ్మేదాన్ని. అది 1974 మే నెల. నాకు ఇరవై మూడేళ్ల రెండు నెలలు, బెజవాడలో ఓ ఆసుపత్రి మగవాళ్ల సర్జికల్ వార్డులో చేరి పదకొండు నెలలు. మా హెడ్ సిస్టర్‌ని చాటుగా తాళాల సిస్టర్ అనేవాళ్లం. ముందు గుత్తి చప్పుడు వచ్చేది, తర్వాత ఆవిడ వచ్చేవారు. చర్చిలో తమ్ముడి పెళ్లని మూడు రోజులు గుడివాడ వెళ్తూ, బుధవారం సాయంత్రం ఆ గుత్తి విప్పి నా చేతిలో పెట్టారు. "వార్డు జాగ్రత్తమ్మాయ్. రోజూ పొద్దున్నే అందరినీ ఒకసారి పలకరించు" అన్నారు. నేను తాళాలు లెక్కపెట్టుకుంటున్నాను (ఏడు), రెండో మాట చెవికెక్కలేదు.

ఆ సాయంత్రమే ఇబ్రహీంపట్నంలో ఉన్న నాన్నకు కార్డు రాశాను: "నన్ను వార్డు ఇన్‌ఛార్జిని చేశారు." (మూడు రోజులకేనని రాయడానికి చోటు చాలలేదు. నిజానికి రెండు వరుసలు ఖాళీగా ఉన్నాయి.) నాన్న దాన్ని వీధిలో అందరికీ చదివి వినిపించి, శనివారం మధ్యాహ్నం బస్సులో వచ్చి స్వయంగా చూస్తానని కబురు పంపారు.

నా పరిపాలన లెక్కల పరిపాలన. పొద్దున్నే గుమ్మంలో నిలబడి తలలు లెక్కపెట్టేదాన్ని. మంచాలు ఇరవై ఎనిమిది, తలలు ఇరవై ఎనిమిది. ఇంకేం కావాలి? శుక్రవారం పొద్దున డాక్టరు గారు పదకొండో మంచం మీదున్న కంకిపాడు తాతకి మర్నాడు హెర్నియా ఆపరేషన్ రాశారు. సాయంత్రం నేను "ఏమీ పెట్టరాదు" అని పెద్దక్షరాలతో బోర్డు రాసి పదకొండుకి తగిలించాను. మంచం మీదున్న మొహం చూడలేదు. ఫ్యాన్ ఉన్నది పన్నెండో మంచం పైన. దాని మీదున్న ఆటోనగర్ మెకానిక్ (కాలి బొటనవేలు నలిగి వచ్చాడు, శనివారం ఇంటికి పంపేయాలి), తాత ఉక్కకు తట్టుకోలేకపోతున్నాడని ఆ మధ్యాహ్నమే తన మంచం ఆయనకిచ్చి, తాను పదకొండులోకి మారిపోయాడు.

శనివారం పొద్దున అతను దీనంగా పిలిచాడు. "సిస్టరు గారూ, ఇంటికెళ్లేవాడికి టిఫినెందుకండీ ఆపేశారు?"

"బోర్డు చదవండి."

"రాత్రీ చదివానండీ, పొద్దున్నా చదివానండీ. ఆకలి తగ్గట్లేదండీ. అసలీ మంచం..."

"ఇన్‌ఛార్జితో వాదించకండి" అన్నాను, గుత్తి ఒకసారి గలగలలాడించి.

తొమ్మిదీ పదికి స్ట్రెచర్ వచ్చింది. "పదకొండో నంబరు!" అన్న కేక వినగానే మెకానిక్ రెండు చేతులతో మంచం పట్టె పట్టుకున్నాడు. "నాకు బొటనవేలండీ! అదీ తగ్గిపోయిందండీ!" సరిగ్గా అప్పుడే తాళాల సిస్టర్ పట్టుచీరతోనే లోపలికొచ్చారు. పెళ్లి శుక్రవారమే అయిపోయిందట, వార్డు గుర్తొచ్చి ఉండబట్టలేక మొదటి బస్సెక్కేశారట. ఆవిడ బోర్డు వైపు చూడనే లేదు.

"ఏం తాతా, ఫ్యాన్ కిందికి మకాం మార్చావా? పొద్దున ఏం తిన్నావు?"

"నాలుగిడ్లీలు తల్లీ. పాపం ఈ అబ్బాయి ఆకలంటున్నాడని ఐదోది ఇవ్వబోతే మీ ఇన్‌ఛార్జమ్మ కేకలేసింది. అదీ నేనే తిన్నా."

స్ట్రెచర్ ఖాళీగా వెళ్లింది, డాక్టరు గారు ఎర్రబడ్డ మొహంతో వచ్చారు. "ఎవరిదండీ ఈ నిర్వాకం?"

"నాదేనండీ" అన్నారు సిస్టర్. "వార్డు నాది. మంచాలు మారతాయని ఈ పిల్లకి చెప్పకుండా వెళ్లాను. తాతని సోమవారానికి పెట్టండి." ఆయన పట్టుచీర వంక ఒకసారి చూసి, గొణుక్కుంటూ వెళ్లిపోయారు.

నేను గుత్తి విప్పి ఆవిడ ముందు పెట్టి ఏడ్చేశాను. తప్పు చేసినందుకే అయితే బాగుండేది. "మధ్యాహ్నం మా నాన్న వస్తున్నారండీ" అని కూడా అనేశాను, కార్డు సంగతితో సహా. ఆవిడ నవ్వు ఆపుకున్నారు. "కేకలు పడటం నా పని, అయిపోయింది. నీ పని మిగిలింది. ముందు ఆ మెకానిక్‌కి తిండి పెట్టు. తర్వాత ప్రతి మంచం దగ్గరా ఆగి పేరు, ఊరు, ఇంట్లో ఎవరున్నారో అడిగి వచ్చి నాకు ఒప్పజెప్పు. కాగితం చూడకూడదు. ఆ గుత్తి సాయంత్రం ఇద్దువుగాని."

మెకానిక్ ఏడిడ్లీలు తిన్నాడు. "బోర్డు తీసేసినట్టేనాండీ?" అని ప్రతి ఇడ్లీకీ ముందు అడిగాడు. నేను ఇరవై నాలుగో మంచం దగ్గరుండగా గుమ్మంలో నాన్న గొంతు వినిపించింది. అక్కడ సిస్టర్ స్టూలు మీద కూర్చుని గాజుగుడ్డ మడుస్తున్నారు. పట్టుచీర చూసి నాన్న ఆవిణ్ణి ఎవరి బంధువో అనుకున్నారు.

"ఇన్‌ఛార్జి గారెక్కడున్నారమ్మా?"

ఆవిడ లేచి నిలబడ్డారు. "లోపల రౌండ్లో ఉన్నారండీ. కాసేపు కూర్చోండి."

నాన్న ఛాతీ రెండంగుళాలు పెరిగింది. కూర్చుని, మర్యాదకి పలకరించారు. "మీవాళ్లెవరైనా ఉన్నారామ్మా ఇక్కడ?"

"ఇరవై ఎనిమిది మందండీ" అన్నారు ఆవిడ, గాజుగుడ్డ మడుస్తూనే.

ఆ తర్వాత నేనూ హెడ్ సిస్టర్‌నయ్యాను, పంతొమ్మిదేళ్లు గుత్తి మోశాను. ఆ రోజు ఒప్పజెప్పిన పేర్లలో ఇరవై రెండు ఇప్పటికీ గుర్తున్నాయి; మిగిలిన ఆరూ ఏ మంచాలవో మాత్రం చెప్పగలను. గుత్తిలో రెండు తాళాలు ఏ బీరువావో సిస్టర్‌కే తెలియదట, చప్పుడు కోసం ఉంచుకున్నానన్నారు. ఆ మధ్యాహ్నం వాటినే కాస్త గట్టిగా మోగిస్తూ నాన్న వైపు నడిచాను.